కువైట్‌లో కాపురానికి అరబీ లెక్కలు – పాఠం 4: దినార్లు, ఫిల్సులు

ఈసారి దినార్లని చెప్పాను, చెప్తాను కూడా. కానీ ముందు పాఠం 3 సంగతి తేలాలి. 21 నుంచి 99 దాకా అరబీలో ఒకట్లు ముందు, పదులు తర్వాత అని చెప్పి అభ్యాసం ఇస్తే, వచ్చిన జవాబుల్లో చాలావాటిలో 'ఖమ్సా ఉ ఇష్రీన్'కి ఎదురుగా 52 అని ఉంది. ఖమ్సా ఐదు, ఇష్రీన్ ఇరవై, మధ్యలో 'ఉ' రెండింటినీ కలిపే మాట. ఐదూ ఇరవయ్యీ కలిస్తే 25. రెండు మాటలూ అందరికీ తెలుసు, అర్థం దగ్గర ఎవరూ తడబడలేదు, తడబడింది చెయ్యి. చెవిన పడ్డ అంకెని పడ్డట్టే ఎడమ నుంచి రాసుకుంటూ పోతున్నాం, చిన్నప్పటి నుంచీ 'ఇరవై ఐదు' అని విన్న అలవాటు అది.

మందు చాలా తేలిక. కాగితం మీద పక్కపక్కనే రెండు గళ్ళు గీయండి. మొదట వినపడ్డది కుడి గడిలో, 'ఉ' తర్వాత వినపడ్డది ఎడమ గడిలో. సబా ఉ అర్బయీన్: 7 కుడివైపు, 4 ఎడమవైపు, 47. సిత్తా ఉ తమానీన్: 86. తిసా ఉ సిత్తీన్: 69. కొన్నాళ్ళు కాగితం మీదే చెయ్యండి, మనసులో చెయ్యొద్దు. రాయచోటి వైపు వాళ్ళలో ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు ఉన్నారు కదా, మీకు నా గళ్ళతో పనే లేదు: 'పచ్చీస్'లోనూ ఐదే ముందుంటుంది, ఆ చెవితోనే వినండి.

ఇంకో గొడవ కూడా వచ్చింది. తిరగేయడం బాగా వంటబట్టినవాళ్ళు వందల్ని కూడా తిరగేస్తున్నారు. వంద ఎప్పుడూ ముందే ఉంటుంది, తర్వాత ఒకట్లు, ఆఖర్న పదులు. 375 అంటే 'తలాత్‌మియా ఉ ఖమ్సా ఉ సబయీన్': మూడొందలూ, ఐదూ, డెబ్బయ్యీ. తిరగబడేది చివరి రెండంకెలే.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన ఇళ్ళల్లో ఈ లెక్క ఒక్క మగమనిషికే వచ్చి ఆగిపోతోంది. ఆయన డ్యూటీకి వెళ్తే క్లినిక్‌లో టోకెన్ నంబరు పిలిచినా, బకాలాలో (చిన్న కిరాణా కొట్టులో) కుర్రాడు డబ్బు చెప్పినా, ఇంట్లోవాళ్ళు ఫోన్ తీసి ఆయనకి కలుపుతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలైతే కిందికి దిగడమే మానేస్తారు. కాబట్టి ఈ పాఠం చదివేది మీరొక్కరే అయితే దయచేసి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టుకుని మళ్ళీ చదవండి.

ఇప్పుడు డబ్బు. దినార్‌కి 1000 ఫిల్సులు. నోట్లు పావు, అర, ఒకటి, ఐదు, పది, ఇరవై. పావు దినార్‌ని 'రుబా' అంటారు, 250 ఫిల్సులు. అర దినార్ 'నుస్', 500. ముప్పావు అంటే 'దినార్ ఇల్లా రుబా', పావు తక్కువ దినార్. మన పెద్దవాళ్ళు టైము చెప్పేటప్పుడు 'పావు తక్కువ ఐదు' అంటారు చూడండి, అదే పద్ధతి ఇక్కడ టైముకీ డబ్బుకీ రెండింటికీ పనికొస్తుంది. ఈజిప్టు వాళ్ళ దుకాణంలో పలుకు కాస్త వేరుగా ఉంటుంది, నాలుగు రోజులు వింటే చెవికి అలవాటైపోతుంది.

ధర అడగడానికి 'బికమ్?', మళ్ళీ చెప్పమనడానికి 'మర్రా తానియా'. మొహమాటపడకుండా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు చిక్కు. దినార్ పక్కన చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి, మన పైసల్లా రెండు కాదు. 1.005, 1.050, 1.500. ఈ మూడింటినీ ఒకేలా చదివేవాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడున్నవాళ్ళలో కూడా ఉన్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పోయేది కష్టార్జితం. దుకాణదారు 'దినార్ ఉ ఖమ్సీన్' అన్నాడనుకోండి, అంటే 1.050. 'దినార్ ఉ ఖమ్సుమియా' అంటే 1.500, దీన్నే ఎక్కువమంది 'దినార్ ఉ నుస్' అంటారు. 'ఖమ్స్' వరకు విని తల ఊపి ఒకటిన్నర దినార్ చేతిలో పెడితే తేడా 450 ఫిల్సులు. మాట చివర వినండి. చివర 'ఈన్' వస్తే అవి పదులు, కాబట్టి చుక్క పక్కన ముందు సున్నా వేసి తర్వాత రాయాలి: తలాతీన్ 030, అర్బయీన్ 040, సబయీన్ 070. చివర 'మియా' వస్తే వందలు: తలాత్‌మియా 300, అర్బామియా 400, సబామియా 700. 'తలాతా దినార్ ఉ తలాతీన్' 3.030, 'తలాతా దినార్ ఉ తలాత్‌మియా' 3.300. 'ఖమ్సా ఉ సబయీన్ ఫిల్స్' అంటే 0.075, దాన్ని 750 అనుకున్నారా, పదింతలు ఇచ్చినట్టే.

'ఈన్' కాకుండా 'ఏన్' అని వినపడితే అది జంట. దినారేన్ రెండు దినార్లు, మీతేన్ రెండొందలు, అల్ఫేన్ రెండువేలు. 'దినారేన్ ఉ ఇష్రీన్' 2.020, 'దినారేన్ ఉ మీతేన్' 2.200. ఈ రెండూ పైకి పలకండి, ఒకసారి కాదు, తేడా నాలుకకి తెలిసేదాకా.

వింటూనే లోపల రూపాయల్లోకి మార్చుకునే అలవాటు మానండి. ఆ గుణకారం చేసేలోపు రెండో సగం చెవి దాటిపోతుంది. రూపాయల లెక్క నెలాఖర్న ఊరికి పంపేటప్పుడు చూసుకోవచ్చు. (1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే, మన రిజర్వ్ బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం విడిగా అచ్చేసింది.)

నాణేలు 5, 10, 20, 50, 100 ఫిల్సులు. 5, 10 పసుపుపచ్చవి, మిగతావి తెల్లవి, ఒకవైపు పడవ బొమ్మ. విలువ అరబీ అంకెలోనే ఉంటుంది. పాఠం 1లో చెప్పిందే: గుండ్రంగా ఉన్నది ఐదు, చుక్క సున్నా. గుండ్రం పక్కన చుక్క ఉంటే 50, ఒంటరి గుండ్రమైతే 5.

వారాల పేర్లు కూడా ఈ అంకెలతోనే వస్తాయి, కానీ లెక్క ఆదివారం నుంచి మొదలు. అహద్ ఆదివారం, ఇత్నేన్ సోమవారం, తలాతా మంగళవారం, అర్బా బుధవారం, ఖమీస్ గురువారం. సోమవారం నుంచి లెక్కపెట్టి, ఖమీస్ అంటే శుక్రవారం అనుకుంటే అపాయింట్‌మెంట్ పోయినట్టే, శుక్ర శనివారాలు సెలవు.

అభ్యాసం ఈసారి కాస్త గట్టిది. జమియాలో (సహకార దుకాణంలో) ఈ వారం సరుకుల బిల్లు తీసుకుని పై నుంచి కింది దాకా ప్రతి ధరా ఒకరు అరబీలో చదవాలి, ఇంకొకరు వెనక్కి తిరిగి కూర్చుని రాయాలి, తర్వాత ఇద్దరూ మారాలి. చదివేవాళ్ళు నిదానించకూడదు, దుకాణదారు నిదానించడు.

తర్వాత ఇంట్లో అందరి సివిల్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) నంబర్లు. 12 అంకెలు. మొదటిది 1900ల్లో పుట్టినవాళ్ళకి 2, 2000 నుంచి పుట్టినవాళ్ళకి 3. ఆ తర్వాత ఆరంకెలు పుట్టిన ఏడాది, నెల, రోజు. 2015 ఆగస్టు 9న పుట్టిన పిల్లాడి నంబరు 3150809తో మొదలవుతుంది. దీన్ని జంటలు చేయొద్దు, ఒక్కో అంకె విడిగా: తలాతా, వాహెద్, ఖమ్సా, సిఫర్... రిసెప్షన్‌లో అడిగితే కార్డు చూడకుండా చెప్పగలగాలి, పిల్లలు కూడా. అత్యవసర నంబరు 112 కూడా ఇలాగే నేర్పండి: వాహెద్, వాహెద్, ఇత్నేన్.

వచ్చే పాఠం ఇంటి అడ్రసు: కితా (బ్లాకు), షారె (వీధి), జాద్దా (సందు), బిల్డింగు. మీ బిల్డింగుకి ఉన్న నీలం పలక మీది నంబరు ఈలోగా రాసిపెట్టుకోండి.