సూపర్‌చార్జర్ ఉన్న పాత ఇంజిన్ అదురుతోందా? ముందు ఏ ఆర్‌పీఎంలోనో చూడండి

అదురు కనిపించగానే అందరూ సూపర్‌చార్జర్‌నే, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే బ్లోవర్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు క్రాంక్ దగ్గర, అంటే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్ట్ దగ్గర ఉంటుంది. 1929లో వచ్చిన బ్లోవర్ బెంట్లీ కారునే తీసుకోండి: నాలుగు సిలిండర్లు, 4,398 సీసీ, క్రాంక్ ముందు కొస నుంచే తిరిగే రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలిని నెట్టే) బ్లోవర్. 110 హార్స్‌పవర్ ఇంజిన్ దానితో 175కి చేరింది. అందుకే దానికి మరింత గట్టి క్రాంక్ పెట్టాల్సి వచ్చింది.

సమస్య: వేగంతో పాటే అదురు పెరుగుతోంది, మధ్యలో ఎక్కడా తగ్గదు.

కారణం: రెండు పిస్టన్లు పైకెళ్తే రెండు కిందికొస్తాయి కాబట్టి ప్రధాన బలాలు చెల్లిపోతాయి. కానీ పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. ఆ తేడా నాలుగింటిదీ కలిసి, క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు ఇంజిన్‌ని రెండుసార్లు కుదుపుతుంది. ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు) రెట్టింపైతే కుదుపు నాలుగు రెట్లు. బెంట్లీ స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 140 మిల్లీమీటర్లు, కాబట్టి బాగానే తెలుస్తుంది.

పరిష్కారం: క్రాంక్‌కి కౌంటర్‌వెయిట్లు (ఎదురు బరువులు) వేయిస్తే పోతుందంటారు. పోదు, అవి క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగుల మీద భారాన్నే తగ్గిస్తాయి. పూర్తిగా పోవాలంటే క్రాంక్‌కి రెట్టింపు వేగంతో తిరిగే లాంచెస్టర్ షాఫ్టులు, అంటే ఆ కుదుపుకి ఎదురు కుదుపునిచ్చే అదనపు షాఫ్టులు కావాలి. పాత కారుకి అంత హంగామా దండగ. పిస్టన్లు, రాడ్లు తూచి సమానం చేయండి, మౌంటింగులు బిగించండి. మిగిలింది ఆ ఇంజిన్ స్వభావం.

సమస్య: ఒక్క ఆర్‌పీఎం దగ్గరే గట్టిగా అదిరి, దాటగానే సర్దుకుంటోంది.

కారణం: తడి బట్ట పిండినట్టు క్రాంక్ మెలిపడి విడుతోంది. ఆరు, ఎనిమిది సిలిండర్ల పొడవాటి క్రాంకులకు ఇది పుట్టుజబ్బు. ముందు కొసకి బ్లోవర్ రోటర్ల బరువు తోడైతే ఆ ఆర్‌పీఎం మారుతుంది కూడా.

పరిష్కారం: క్రాంక్ మెలిని అణిచే డ్యాంపర్ ఉంటే దాని ఫ్రిక్షన్ (రాపిడి) ప్లేట్లు విప్పి చూడండి, అరిగినా, పట్టేసినా పనిచేయదు. ఇది బరువుల తేడా కాదు, బ్యాలెన్సింగ్‌కి డబ్బు పోయకండి. ఆ వేగంలో ఎక్కువసేపు నడిపి ఉంటే క్రాంక్‌కి పగుళ్ల పరీక్ష చేయించాల్సిందే.

సమస్య: బ్లోవర్ పనిచేసినప్పుడే అదురు.

ఆ కాలపు మెర్సిడెస్‌లలో ఇది తేల్చడం తేలిక: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే బ్లోవర్ క్లచ్ కలుస్తుంది. బెంట్లీలో అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బ్లోవర్‌ని క్రాంక్‌కి కలిపే కప్లింగ్ సూటిగా ఉందో లేదో డయల్ గేజ్‌తో చూడండి, రోటర్ బేరింగుల్లో ప్లే (వదులు) చూడండి.

లోడ్ మీద లోపల కొట్టుడు శబ్దం వస్తూ ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంటే బేరింగుల లోపలి వైట్ మెటల్ (మెత్తని లోహపు పూత) పోయిందనుకోండి. ఇంజిన్ ఆపి, అక్కడి నుంచి కారుని లాగించుకుని తీసుకెళ్లండి.