సకినాలు విరగకుండా, కొరియర్ బిల్లు పెరగకుండా

మా అమ్మాయి, అల్లుడు టొరంటో వెళ్లాక వాళ్లకిదే మొదటి సంక్రాంతి. బయట గడ్డకట్టే చలి, పండగపూట ఇంట్లో ఇద్దరే. ఇక్కడి నుంచి ఎంతో ఆశగా పంపిన సకినాలు అక్కడికి పొడిపొడిగా చేరితే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా మూడు కిలోల సరుక్కి ఏడు కిలోల బిల్లు!

ముందు ఆ బిల్లు సంగతి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లవాళ్లు 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40×30×30 పెట్టె అంటే 7.2 కిలోలు. అదే 30×30×20 అయితే 3.6 కిలోలే. అందుకే పెట్టె మనమే కొలిచి, ఇంట్లోనే సర్ది తీసుకెళ్లడం మేలు.

సకినాలు అరచేతిలో పట్టేంత చిన్నగా చుట్టండి. పదేసి గాజుల్లా పేర్చి, టిష్యూ పేపర్ చుట్టి, పైన క్లింగ్ ఫిల్మ్ బిగించండి. ఆ దొంతరల్ని పెట్టెలో పడుకోబెట్టాలి, అంటే ప్రతి సకినం అంచు మీద నిలబడాలి. సందుల్లో థర్మాకోల్ బదులు చిన్న కవర్లలో మరమరాలు కుక్కండి. బరువుండవు, అక్కడ పోపు పెట్టుకుని తినేయొచ్చు. మూత వేశాక ఊపి చూడండి, లోపల కదిలిన చప్పుడు రాకూడదు.

వేడి పూర్తిగా తగ్గకుండా సర్దితే మాత్రం ఇదంతా వృథా, ఆవిరి పట్టి మెత్తబడిపోతాయి. వేయించాక రాత్రంతా పేపర్ మీద పలచగా పరిచి ఆరనివ్వండి.