ఊరి లైసెన్సుతో హైదరాబాద్‌లో బండెక్కాలంటే

ఉప్పల్‌లో నాకు నాలుగు డీసీఎంలు, అంటే సరుకు మోసే బండ్లు, ఉన్నాయి. డ్రైవర్ పని అడుగుతూ నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది రాయగడ, ఇంకొకడిది బీహార్. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలా?"

అక్కర్లేదు. ఏ రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సైనా దేశమంతా చెల్లుతుంది. గడువుండి, బండికి తగ్గ క్లాసు అందులో ఉంటే రేపే స్టీరింగ్ పట్టుకోవచ్చు.

ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. 2011లో పలాస నుంచి వచ్చినప్పుడు ఒక ఏజెంట్ మాట విని, హెవీ (లారీ లాంటి పెద్ద బండ్ల క్లాసు) ఉన్న పాత లైసెన్సు పెట్టెలో దాచి, మళ్లీ ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) నుంచి మొదలుపెట్టాను. కారు లైసెన్సు వచ్చింది. హెవీకి ఇంకో ఏడాది ఆగమన్నారు. లారీ నడిపినవాణ్ణి ఆ ఏడాదంతా క్లీనర్‌గా టైర్లు తట్టుకుంటూ తిరిగాను. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండకూడదని చట్టంలోనే ఉందని ఆ తర్వాత తెలిసింది. కాబట్టి తమ్ముడూ, పాత కార్డు దాచొద్దు.

ఇక్కడే స్థిరపడాలనుకుంటే అడ్రస్ మార్పించుకో, చాలు. పండక్కి ఊరెళ్లినప్పుడు పాత ఆర్టీఓ ఆఫీసులో ఎన్ఓసీ (అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం) తీసుకో. అందులో హెవీ రాశారో లేదో అక్కడే నిలబడి చదువుకో. అసలు తలనొప్పి అడ్రస్ ప్రూఫ్‌తోనే. రూముకి అద్దె తీసుకునే ఓనర్, అగ్రిమెంట్ అనగానే మొహం తిప్పేసుకుంటాడు. అలాంటప్పుడు ఆధార్ వాళ్ల సర్టిఫికెట్ ఫారం మీద ఎమ్మెల్యేతో సంతకం పెట్టించుకుని ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించుకో. మా దగ్గరి ఇద్దరికి అలాగే పనైంది.

ఆటో, క్యాబ్, టాటా ఏస్ లాంటి చిన్న బండికైతే వేరే బ్యాడ్జి (రవాణా బండి నడపొచ్చని లైసెన్సులో రాయించుకునే అనుమతి) కోసం తిరగక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్ఎమ్‌వీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చేసింది. అయినా బ్యాడ్జి అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో వాదించి లాభం లేదు.

హెవీ కొత్తగా కావాలంటే 20 ఏళ్లు నిండాలి. ఎల్ఎమ్‌వీ వచ్చి ఏడాది కావాలి. డాక్టర్ ఇచ్చే ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 రెండూ ఉండాలి. ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగి టెస్టుకి వెళ్లాలి. ఆరు నెలలు దాటితే ఆ ఎల్ఎల్ఆర్ పనికిరాదు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కావాలని ఎవరైనా డబ్బులడిగితే నవ్వి ఊరుకో, ఆ రూల్ 2019లోనే ఎత్తేశారు. చర్లపల్లి నుంచి పెట్రోల్ ట్యాంకర్ నడపాలంటే మాత్రం మూడు రోజుల ట్రైనింగ్ తీసుకుని లైసెన్సులో విడిగా రాయించుకోవాలి.

నాగోల్ ట్రాక్ మీద పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఫెయిలవడం కళ్లారా చూశాను. ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిపేటప్పుడు ఒక్క అడుగు వెనక్కి జారుతుంది, అంతే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్కనున్నాడని టెన్షన్ పడి క్లచ్ వదిలేస్తారు. ముందురోజు ఏదైనా ఫ్లైఓవర్ ర్యాంప్ మీద, తెల్లారకముందే, నాలుగుసార్లు ప్రాక్టీస్ చెయ్యి.

ఇంకొకటి. కార్డు మీద ఎన్‌టీ, టీఆర్ అని రెండు తేదీలుంటాయి. ఎన్‌టీ సొంత బండిది, దాని గడువు ఎక్కువ. మన పొట్ట నింపేది టీఆర్, అంటే రవాణా బండిది. 2019 సవరణకి ముందు అది మూడేళ్లే ఉండేది, ఇప్పుడు ఐదేళ్లు. రెన్యువల్ కోసం ఊరెళ్లక్కర్లేదు, ఏ లైసెన్సింగ్ ఆఫీసైనా చెయ్యొచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టే. కిందటి నెల వచ్చిన రాయగడ కుర్రాడు ఎన్‌టీ తేదీ చూపించి "2038 దాకా ఉందన్నా" అన్నాడు. టీఆర్ అయిపోయి పదకొండు నెలలైంది. తాళాలు ఇవ్వకుండా, నా బండి మీదే కూర్చోబెట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్లాను.