రీఫ్యాక్టరింగ్ టూల్ ఎంపికలో చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

కోడ్ ప్రవర్తన మారకుండా దాని నిర్మాణాన్ని మార్చడాన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. బృందానికి ఇందుకోసం టూల్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల పట్టికలను పక్కపక్కన పెట్టి చూడటం పరిపాటి. అయితే ‘పేరు మార్చడం’, ‘మెథడ్‌ను విడదీయడం’ వంటి అంశాలకు ఆ పట్టికల్లో ప్రతి టూల్‌కూ టిక్కు ఉంటుంది కాబట్టి వాటివల్ల తేలేది తక్కువ. తేడా వాడకంలో బయటపడుతుంది. టూల్ మీ కోడ్‌ను ఉత్త అక్షరాలుగా చూస్తోందా, వాక్యనిర్మాణ వృక్షంగా చూస్తోందా, ప్రతి పేరూ ఏ డిక్లరేషన్‌కు చెందిందో తెలిసిన కంపైలర్‌లా చూస్తోందా అన్నదాని నుంచే కింది ఇబ్బందుల్లో చాలావరకు పుడతాయి.

లక్షణం 1: పేరు మార్చాక బిల్డ్ సాఫీగా పూర్తవుతుంది, ప్రోగ్రామ్ నడుస్తుండగా పడిపోతుంది

టూల్‌కు కనబడని చోట పాత పేరు అలాగే మిగిలిపోవడం దీనికి కారణం. జావాలో రిఫ్లెక్షన్ ద్వారా (ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరును బట్టి వెతికి) పిలిచే క్లాసు పేరు, ఎక్స్‌ఎంఎల్ కాన్ఫిగరేషన్‌లో రాసుకున్న పేరు, స్ట్రింగ్‌గా ఉన్న డేటాబేస్ క్వెరీ, జావాస్క్రిప్ట్‌లో చదరపు బ్రాకెట్లలో వేరియబుల్ పెట్టి అందుకునే ప్రాపర్టీ, వీటన్నిటినీ కంపైలర్ వట్టి డేటాగానే చూస్తుంది. వీటికన్నా మోసపుచ్చేది సీరియలైజేషన్, అంటే ప్రోగ్రామ్‌లోని డేటాను బయటికి పంపే రూపంలోకి మార్చడం. జాక్సన్ వంటి జావా లైబ్రరీ ప్రత్యేకంగా చెప్పకపోతే గెటర్ (విలువను అందించే మెథడ్) పేరు నుంచే జేసన్ కీని తయారు చేస్తుంది కాబట్టి, లోపలి గెటర్ పేరు మార్చగానే బయటివారు వాడుతున్న ఏపీఐ కూడా మారిపోతుంది. ఎడిటర్‌లో ఎక్కడా ఎర్రగీత పడదు.

మీ కోడ్ ఏ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తోందో దాన్ని గుర్తించగల టూల్‌ను ఎంచుకోవడం మొదటి పరిష్కారం. ఉదాహరణకు జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ మీద పనిచేసే బృందానికి, బీన్ల (స్ప్రింగ్ నిర్వహించే ఆబ్జెక్టుల) పేర్లను కాన్ఫిగరేషన్ ఫైళ్లలో కూడా వెతకగల ఇంటెలిజె ఐడియా అల్టిమేట్ వంటి ఐడీఈకీ (ఎడిటర్, బిల్డ్ వంటివన్నీ ఒకేచోట ఉన్న టూల్‌కూ), జావా సింటాక్స్ మాత్రమే తెలిసిన ఎడిటర్‌కూ మధ్య తేడా మొదటి పేరు మార్పులోనే తెలుస్తుంది. రెండవది, ప్రివ్యూ. స్ట్రింగులలోనూ కామెంట్లలోనూ దొరికిన పోలికలను అసలైన ప్రస్తావనల నుంచి వేరుచేసి చూపి, నిర్ణయాన్ని మనకు వదిలే టూల్ కావాలి. అడగకుండా స్ట్రింగులను కూడా మార్చేసే టూల్ ఏమీ మార్చని టూల్ కన్నా ప్రమాదకరం అని నా అభిప్రాయం, ఎందుకంటే మార్చకుండా వదిలినదాన్ని సాధారణ టెక్స్ట్ సెర్చ్‌తో పట్టుకోవచ్చు, తప్పుగా మార్చినది మాత్రం పెద్ద డిఫ్‌లో (మారిన వరుసల జాబితాలో) కలిసిపోతుంది. ఇక బయటికి కనిపించే పేర్లను ముందుగా అనోటేషన్‌తో (కోడ్‌కు తగిలించే గుర్తుతో) కట్టిపడేసి, ఆ తర్వాతే లోపలి పేరు మార్చాలి. ఇది ఏ టూల్ వాడినా తప్పని పని. పైథాన్, రూబీ వంటి డైనమిక్ భాషల్లో ఏ టూల్ దగ్గరా పూర్తి భరోసా ఆశించకూడదు. అక్కడ టైప్ అనోటేషన్లు ఎంత ఎక్కువగా ఉంటే టూల్ అంత మెరుగ్గా పనిచేస్తుంది కనుక, టూల్ మార్చేముందు అనోటేషన్లు పెంచడం మేలు కావచ్చు.

లక్షణం 2: టూల్ ఏది అడిగినా కాదనదు, ఫలితం మాత్రం తేడాగా వస్తుంది

విలియం ఆప్‌డైక్ 1992లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన నుంచీ ఈ రంగంలో ఒక సూత్రం ఉంది: ప్రతి రీఫ్యాక్టరింగ్‌కూ కొన్ని ముందస్తు షరతులు ఉంటాయి, అవి నెరవేరితేనే ప్రవర్తన మారదని చెప్పగలం. ఆ షరతులను సరిచూడని టూల్ చేసేది ఒక మోస్తరు వెతికి మార్చే పని మాత్రమే.

అందువల్ల ఎంపిక సమయంలో టూల్ ఏమేం చేస్తుందో చూసినంత శ్రద్ధగా ఏమేం నిరాకరిస్తుందో కూడా చూడాలి. ఒక బేస్ క్లాసులోని మెథడ్‌కు, దాని సబ్‌క్లాసులో అప్పటికే ఉన్న వేరే మెథడ్ పేరును, పారామీటర్లు కూడా సరిపోలేలా పెట్టి చూడండి. అలా చేస్తే సంబంధం లేని రెండు మెథడ్‌ల మధ్య ఓవర్‌రైడ్ ఏర్పడి, కంపైల్ అవుతూనే అర్థం మారుతుంది. మంచి టూల్ ఇక్కడ ఆగి హెచ్చరిస్తుంది. అలాగే రెండు లోకల్ వేరియబుళ్లకు విలువలు మార్చి, ఆ రెండింటినీ తర్వాతి వరుసల్లో వాడుకునే జావా కోడ్ ముక్కను ఎంచుకుని కొత్త మెథడ్‌గా విడదీయమని అడగండి. జావా మెథడ్ ఒకే విలువను తిరిగి ఇవ్వగలదు కాబట్టి టూల్ కాదనాలి, లేదా ఆ రెండింటినీ మోసే కొత్త క్లాసును తానే ప్రతిపాదించాలి. ఈ రెండు పరీక్షలకూ పట్టే సమయం స్వల్పం. విక్రేత ప్రదర్శనల్లో మాత్రం ఇవి సాధారణంగా కనిపించవు.

లక్షణం 3: నాలుగు వరుసల మార్పు అడిగితే డిఫ్‌లో నాలుగు వందల వరుసలు మారాయి

కొన్ని టూల్స్ కోడ్‌ను వృక్షంగా చదివి, మార్చి, తిరిగి మొత్తాన్నీ కొత్తగా ముద్రిస్తాయి. ఆ వృక్షంలో ఖాళీలకూ కామెంట్లకూ చోటు లేకపోతే అవి పోతాయి. పైథాన్‌లోని అంతర్గత ఏఎస్‌టీ (వాక్యనిర్మాణ వృక్షపు) మాడ్యూల్ ఇలాంటిదే, అది కామెంట్లను నిలుపుకోదు. పైథాన్‌కు లిబ్‌సీఎస్‌టీ, జావాకు ఓపెన్‌రీరైట్ వంటి టూల్స్ మూలంలోని ప్రతి ఖాళీనీ వృక్షంలోనే దాచుకుంటాయి కాబట్టి ముట్టుకోని వరుస ముట్టుకోనట్టే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో జేఎస్‌కోడ్‌షిఫ్ట్ కూడా రీకాస్ట్ అనే లైబ్రరీ సహాయంతో పాత ఫార్మాటింగ్‌ను వీలైనంత వరకు కాపాడుతుంది.

రెండవ కారణం టూల్‌కు సంబంధించినదే కాదు. బృందంలో ఒక్కొక్కరి ఎడిటర్ ఒక్కొక్క రకంగా ఫార్మాట్ చేస్తూ ఉండవచ్చు. అప్పుడు ముందుగా ఒక ఫార్మాటర్‌ను ఖాయం చేసి, మొత్తం కోడ్‌ను దానితో ఒకే ప్రత్యేక కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి నమోదు చేసే మార్పులో) సరిదిద్దాలి. చరిత్ర చెడుతుందన్న అభ్యంతరం సహజంగా వస్తుంది. గిట్ 2.23 వెర్షన్ నుంచి, అంటే 2019 నుంచి, ఇలాంటి కమిట్‌లను ఒక ఫైల్‌లో నమోదు చేసి బ్లేమ్ (ప్రతి వరుసనూ చివరగా ఎవరు మార్చారో చూపే ఆదేశం) వాటిని పట్టించుకోకుండా చేసే వీలుంది. ఫైల్‌ను వేరే చోటికి తరలించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం: గిట్ తరలింపును విడిగా నమోదు చేయదు, పాత ఫైల్‌కూ కొత్త ఫైల్‌కూ మధ్య పోలికను బట్టి ఊహిస్తుంది, మామూలుగా 50 శాతం పోలిక ఉంటేనే గుర్తిస్తుంది. తరలింపు ఒక కమిట్, లోపలి మార్పులు మరొక కమిట్ అయితే రివ్యూ చేసేవారికీ హాయి.

లక్షణం 4: ఒకరి కంప్యూటర్‌లో పనిచేసే రీఫ్యాక్టరింగ్ మరొకరి దగ్గర సగమే జరుగుతుంది

దీనికి టూల్‌నే తప్పుపట్టడం సులభం, కానీ సాధారణంగా దానికి ప్రాజెక్ట్ మొత్తం చేరి ఉండదు. సీ, సీ++ కోడ్ విషయంలో క్లాంగ్ కంపైలర్ ఆధారిత టూల్స్‌కు ప్రతి ఫైల్‌నూ ఏ ఫ్లాగులతో కంపైల్ చేయాలో చెప్పే కంపైల్ కమాండ్స్ ఫైల్ కావాలి. సీమేక్ అనే బిల్డ్ టూల్ దాన్ని తయారు చేసి ఇవ్వగలదు. ఆ ఫైల్ ఉన్నా, ప్రస్తుత ఫ్లాగుల ప్రకారం పక్కకు పోయిన ఇఫ్‌డెఫ్ (షరతును బట్టి కంపైల్ అయ్యే) భాగాలను ఆ టూల్స్ చూడవు కాబట్టి, వేర్వేరు ప్లాట్‌ఫారాల కోసం రాసిన కోడ్‌లో ప్రతి కాన్ఫిగరేషన్‌నూ విడిగా బిల్డ్ చేసి సరిచూడాలి. జావాలో డిపెండెన్సీలు సరిగా దొరకనప్పుడు ఓపెన్‌రీరైట్ రెసిపీలు (మార్పును వివరించే స్క్రిప్టులు) మెథడ్‌ను గుర్తించలేక, ఏమీ మార్చకుండానే విజయవంతంగా ముగిసినట్టు కనిపించవచ్చు. మార్పు లేని ఫలితాన్ని శుభవార్తగా తీసుకోకుండా, తప్పక మారాల్సిన ఒక ఫైల్‌ను ముందే గుర్తుపెట్టుకుని చూడటం మంచిది.

బృందంలో ఎడిటర్లు వేర్వేరుగా ఉంటే ఇంకొక సంగతి. 2016లో వెలువడిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (భాషను అర్థం చేసుకునే సర్వర్‌తో ఎడిటర్ మాట్లాడే పద్ధతి) పుణ్యమా అని పేరు మార్పు దాన్ని పాటించే ఏ ఎడిటర్‌లోనైనా ఒకే రకంగా అడగవచ్చు, కానీ మెథడ్‌ను విడదీయడం వంటివి ఆయా సర్వర్లు కోడ్ యాక్షన్లుగా ఎంత ఇస్తే అంతే. అందరినీ ఒకే ఎడిటర్‌కు మార్చడం కన్నా, అందరూ ఒకే సర్వర్‌నూ ఒకే వెర్షన్‌నూ వాడేలా చూడటం తక్కువ గొడవతో జరిగే పని.

లక్షణం 5: ఒకే మార్పును పదుల రిపాజిటరీలలో చేయాలి, చేత్తో చేసి చేసి బృందం అలసిపోయింది

ఐడీఈ మనిషి పక్కన కూర్చుని ఒక్కొక్క అడుగు వేసే పనికి రూపొందింది. ఒక లైబ్రరీ వెర్షన్ మారినప్పుడు వచ్చే పునరావృత మార్పులకు బ్యాచ్ పద్ధతిలో నడిచే టూల్ కావాలి: జావాకు ఓపెన్‌రీరైట్, జావాస్క్రిప్ట్‌కు జేఎస్‌కోడ్‌షిఫ్ట్, పైథాన్‌కు లిబ్‌సీఎస్‌టీ. సీ భాషకు కాక్సినెల్ ఉంది, లినక్స్ కెర్నల్ అభివృద్ధిలో దాన్ని విస్తృతంగా వాడుతున్నారు.

ఈ పద్ధతిలో మార్పును వివరించే స్క్రిప్టే రివ్యూకు వెళ్లాల్సిన అసలు వస్తువు. ఎవరి బ్రాంచ్‌లోనైనా పెద్ద పేరు మార్పు వల్ల మర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తే, వాటిని వరుసవరుసగా తీర్చకుండా, మార్పుకు ముందున్న కమిట్ వరకు మెయిన్ బ్రాంచ్‌ను కలుపుకుని, ఆ బ్రాంచ్ మీదనే స్క్రిప్టును మళ్లీ నడిపితే తగాదా చాలామటుకు తీరిపోతుంది. స్క్రిప్టు రాయడానికి పట్టే శ్రమ మాత్రం తక్కువేమీ కాదు. రెండు మూడు రిపాజిటరీలే ఉంటే ఐడీఈయే నయం.

లక్షణం 6: టూల్ కొన్నాక నివేదికలు పెరిగాయి, కోడ్ మాత్రం అలాగే ఉంది

కొన్నది దోషాలను ఎత్తిచూపే స్టాటిక్ విశ్లేషణ టూల్, కావలసింది కోడ్‌ను మార్చే టూల్. సోనార్‌క్యూబ్ వంటివి ప్రధానంగా మొదటి కోవకు చెందుతాయి, ఆ పనికి అవి అవసరమే. రెండింటినీ ఒకే ఖాతాలో వేసుకుంటే ఎంపిక తప్పుతుంది.

లక్షణం 7: ఏఐ సహాయకుడు చేసిన రీఫ్యాక్టరింగ్‌లో కోడ్‌లోని ఒక ఇఫ్ షరతు మాయమైంది

భాషా నమూనా కోడ్‌ను తిరిగి రాస్తుంది, ముందస్తు షరతులను నిరూపించదు. ఒకే అభ్యర్థనకు రెండుసార్లు రెండు జవాబులు రావచ్చు కూడా. పెద్ద మార్పులకు దాని చేత నేరుగా ఫైళ్లను మార్పించకుండా, పైన చెప్పిన బ్యాచ్ టూల్‌కు స్క్రిప్టు రాయించుకోవడం మేలు. మనిషి చదవాల్సింది అప్పుడు ఒక్క స్క్రిప్టే, అది ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం ఇస్తుంది. చిన్న మార్పులను నేరుగా ఇవ్వవచ్చు, కాని ముందుగా ప్రస్తుత ప్రవర్తనను ఉన్నదున్నట్టు పట్టి ఉంచే టెస్టులు ఉండాలి. ఆ టెస్టులను కూడా అదే సహాయకుడు అదే మార్పులో సవరించడానికి అనుమతించకూడదు.

ప్రయోగ దశ ఎలా జరపాలి

నమూనా ప్రాజెక్ట్ మీద కాకుండా మీ కోడ్‌లో అందరూ ముట్టుకోవడానికి జంకే డైరెక్టరీ మీదనే టూల్‌ను పరీక్షించాలి. బృందం ఇదివరకు చేత్తో చేసిన ఒక రీఫ్యాక్టరింగ్‌ను గిట్ చరిత్రలో వెతికి, దానికి ముందున్న స్థితికి వెళ్లి, అదే మార్పును టూల్ చేత చేయించి, రెండు డిఫ్‌లనూ పోల్చితే వాదనలకు తావుండదు. టూల్ ఏ వరుసలు వదిలేసిందో, ఏవి అనవసరంగా మార్చిందో అక్కడే కనిపిస్తాయి. పెద్ద కోడ్‌లో ఇండెక్సింగ్‌కు పట్టే సమయాన్నీ మెమరీనీ బృందంలోని అతి సామాన్యమైన యంత్రం మీద కొలవండి. లైసెన్స్ షరతుల్లో కోడ్ బయటి సర్వర్‌కు వెళ్తుందా అన్న ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు తీసుకోండి. అన్నిటా రెండు టూల్స్ సమానంగా నిలిస్తే కమాండ్ లైన్ నుంచి కూడా నడిచే దాన్ని తీసుకోవడం మంచిది, దాన్ని సీఐలో (ప్రతి మార్పునూ తానే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థలో) పెట్టి పాత పద్ధతి కోడ్ మళ్లీ చొరబడినప్పుడల్లా బిల్డ్‌ను ఆపించవచ్చు.