వరద తీశాక ఏట్లో దిగేవారికి చేతికర్ర: ఎంపికలో జాగ్రత్తలు

పులసల సందడి సద్దుమణిగి, ఎర్రనీరు తేటపడి, గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ, వైనతేయల్లో ఇసుకమేటలు మళ్లీ బయటపడే రోజుల్లో, విసురువల భుజాన వేసుకునో గాలం పట్టుకునో మోకాటిలోతు నీళ్లలో నడిచి వెళ్లేవారు ఎక్కువవుతారు. నీరు నెమ్మదిగా పారుతూ ఉంటుంది గనుక ప్రమాదం గడిచిపోయిందనిపిస్తుంది. కానీ ఏటి అడుగు గురించి మనకు అతి తక్కువ తెలిసిన కాలం అదే. వరద ఇసుకను ఒకచోట తోడి మరోచోట మేట వేసి పోతుంది గనుక, నిరుడు లుంగీ పైకి కట్టి దాటిన చోటే ఈ ఏడు నిలువు లోతు ఉండవచ్చు. దానికి తోడు, ఇసుక తవ్విన గుంతలు నీటి కింద నిటారు అంచులతో ఉంటాయి, పైనుంచి చూస్తే వాటి జాడే తెలియదు.

ఈ కారణంగా డెల్టాలో చేతికర్ర మొదటి పని మనల్ని నిలబెట్టడం కాదు, మనం వేయబోయే అడుగు కింద నేల ఉందో లేదో చెప్పడం. రాళ్ల ఏళ్లలో కాలు జారకుండా ఆనుకోవడానికి వాడే కర్రకూ, ఇసుక, ఒండ్రు ఉన్న మన పాయల్లో వాడవలసిన కర్రకూ తేడా ఇక్కడే వస్తుంది.

మనకు సులువుగా దొరికేవాటిలో ఎండిన గట్టి వెదురే మేలు. అది తేలికగా ఉంటుంది, చేయి జారినా నీటిపై తేలుతుంది, అడుగున తగిలింది ఇసుకో బురదో రాయో అరచేతికి చక్కగా తెలియజేస్తుంది. బోలు తక్కువగా, కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, అంగుళం నుంచి అంగుళంపావు మందం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అంతకు మించి లావైతే ప్రవాహం దాన్ని నెట్టేస్తుంది, కర్రను నిలపడానికే చేతి బలం ఖర్చయిపోతుంది. పచ్చి వెదురు ఎండేటప్పుడు నిలువునా పగులుతుంది కాబట్టి అప్పుడే నరికి తెచ్చినదాన్ని వాడకూడదు. పాత కర్రయితే కణుపుల పక్కన గుండుసూది మొనంత బెజ్జాలున్నాయేమో వెలుతురులో చూడాలి. నేలకు తాటించినప్పుడు పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు తిన్నట్టే, ఆ కర్ర పందిరికి కూడా పనికిరాదు. చివరగా రెండు ఇటుకల మీద ఆనించి, నడిమిన పాదంతో మెల్లగా బరువు వేయాలి. వంగి తిరిగి నిటారుగా వస్తే మంచిది, చిటపటమంటే పక్కన పెట్టేయాలి. సరుగుడు బాదు కూడా నిటారుగా, బలంగా ఉంటుంది గానీ, బరువు వల్ల గంటసేపటికే చేయి అలసిపోతుంది.

పొడవు విషయంలో పడవ గడను చూసి అంత పొడవు తీసుకోవడం పొరపాటు. నేల మీద నిలబెడితే చంకకూ గడ్డానికీ మధ్య వరకు రావాలి. అలాంటి కర్ర మీద మోకాలి ఎత్తున ఒకటి, తొడ మధ్య ఎత్తున ఒకటి ఎర్ర పెయింటుతో గీతలు వేసుకోవాలని గట్టిగా చెబుతాను. ముందు గుచ్చి చూసినప్పుడు మొదటి గీత మునిగితే ఆలోచించాలి, రెండోది మునిగితే వెనక్కి తిరగాలి.

అడుగు కొసను సరిగ్గా కణుపు దగ్గర కోయించాలి. కణుపు దాటి బోలు మిగిలితే అందులో ఇసుక కూరుకుని వెదురు చీలుతుంది. ఆ కణుపుకు పైన నైలాన్ తాడును దగ్గరదగ్గరగా చుట్టి బిగిస్తే చీలిక పాకదు. చాలామంది మొన చెక్కిస్తారు. మన పాయల్లో అది హాని, ఎందుకంటే మొన మెత్తటి ఒండ్రులో దానంతటదే దిగబడి, కింద గట్టి నేల ఉందో ఊబి ఉందో తెలియనివ్వదు. మొద్దు కొస కొద్దిగా దిగి ఆగితే నేల ఉన్నట్టు, ఆగకుండా జారిపోతే అక్కడ కాలు పెట్టకూడదు. గట్టు రాతికట్టు మీద నుంచి దిగేవారు మాత్రం కొసకు మందపాటి రబ్బరు తొడుగు వేయించుకోవాలి. పాచి పట్టిన రాయి మీద ఇనుప పొన్ను జారుతుంది.

కొండలెక్కడానికి అమ్మే మడత అల్యూమినియం కర్రలు చూడముచ్చటగా ఉన్నా, వాటి బిగింపుల్లో సన్నపు ఇసుక చేరితే బరువు వేసిన క్షణంలోనే లోపలికి జారిపోవచ్చు. వాడక తప్పకపోతే ప్రతిసారీ విప్పి మంచినీటితో కడగాలి.

కర్రకు తాడు కట్టుకోవడం మంచిదే గానీ, మణికట్టుకు గట్టి ముడి వేయకూడదు. విసురువల తాడు అప్పటికే ఒక చేతికి ఉంటుంది. వల ముల్లుకంపకు తగులుకుని లాగుతున్నప్పుడు రెండో చేయి కూడా కర్రకు కట్టుబడి ఉంటే మనిషి తేరుకోలేడు. నడుముకు, పక్కగా, ఒక్క లాగుతో ఊడే ముడి వేసుకోవాలి.

నడిచేటప్పుడు కర్ర ప్రవాహం వచ్చే వైపు ఉండాలి. ముందు కర్ర, అది నిలిచాక ఒక పాదం, తర్వాత రెండోది. పాదాన్ని ఎత్తకుండా ఈడ్చాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీటి అడుగున ఇసుకలో, తోకకు విషపు ముల్లుండే టేకు చేపలుండే అవకాశం ఉంది కాబట్టి అక్కడ ఈ అలవాటు మరింత అవసరం. ఆ ప్రాంతాల్లో పోటు వచ్చే వేళ తెలుసుకోకుండా మేట మీదికి వెళ్లకూడదు, వెళ్లిన దారి తిరిగి వచ్చేసరికి నడుములోతు కావచ్చు.

ప్రవాహ వేగం రెట్టింపైతే కాళ్ల మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. దానికి ఏ కర్రా ఆగదు. వంతెన స్తంభాల చుట్టూ నీరు ఇసుకను తోడేసి గుంత చేస్తుంది కాబట్టి అక్కడ కర్రతోనైనా దిగకూడదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అయితే బ్యారేజీ దిగువన ఉండేవారు అంతవరకు ఆగకుండా, గేట్లు ఎత్తారని తెలిసిన వెంటనే ఒడ్డుకు చేరాలి. కాలు తప్పి కొట్టుకుపోతే కర్రను, వలను వదిలేసి, వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు చాచి, ఏటవాలుగా ఒడ్డువైపు చేతులతో నెట్టుకుంటూ రావాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి, ఒడ్డున ఒక మనిషిని ఉంచుకోవాలి.