ఇంట్లోనే వాల్వు ఆంప్లిఫయర్ – 4వ పాఠం: హెచ్.టి. సప్లై

మనం కడుతున్నది హామ్ రేడియో సెట్టు పవరు పెంచే ఆంప్లిఫయర్. ఈ పాఠంలో దాని వాల్వులకి కావలసిన హెచ్.టి., అంటే హై టెన్షన్ (ఎక్కువ వోల్టుల డీసీ) సప్లై. కిందటి పాఠం చివర ఒక చిన్న పని అప్పజెప్పాను. ఇంట్లో ప్లగ్గు దగ్గర వోల్టేజీ వారం రోజులు, రోజుకి మూడుసార్లు కొలిచి రాసుకోమన్నాను. చేశారా? చెయ్యకపోతే పాఠం చదవండి గానీ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి.

మా ఊరు రాజోలు దగ్గర. ఇంటి వెనక కొబ్బరితోట, దాని అవతల రొయ్యల చెరువులు. నా నోట్‌బుక్కులో ఉన్న అంకెలివి: మధ్యాహ్నం రెండింటికి 248, సాయంత్రం ఏడింటికి 215, రాత్రి పదకొండింటికి 195. రాత్రయ్యేసరికి చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అందరి ఏరేటర్లూ ఒకేసారి తిరుగుతాయి, లైను కుంగుతుంది. 40 మీటర్ల హామ్ బ్యాండులో దూరపు స్టేషన్లు పలికేది కూడా సరిగ్గా ఆ వేళకే. కాబట్టి మన సప్లైని 230 వోల్టుల కోసం కాదు, 195 నుంచి 248 దాకా ఊగే లైను కోసం కట్టుకోవాలి.

లెక్క చూద్దాం. మనం పెట్టుకున్నవి 807 అనే రకం వాల్వులు (గాజు ట్యూబులు) రెండు. అమెచ్యూర్ (హామ్) వాడకానికి ఈ వాల్వు ప్లేటు (లోపల కరెంటు చేరే రేకు) మీద గరిష్ఠంగా 750 వోల్టులు ఇవ్వచ్చు. బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే డయోడ్ల కట్టు) వేసి వెనక కెపాసిటర్ పెడితే, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (బయటికిచ్చే చుట్ట) వోల్టేజీకి 1.414 రెట్లు డీసీ వస్తుంది. మామూలుగా అయితే 520 వోల్టుల సెకండరీ చుట్టిస్తారు, 735 వస్తుంది, బాగానే ఉంటుంది. కానీ లైను 248 ఉన్న మధ్యాహ్నం అదే సప్లై 793కి ఎక్కుతుంది. అందుకే మనం 490 చుట్టిస్తాం. 230 దగ్గర 693, 248 దగ్గర 747, 195 దగ్గర 587. మాట్లాడేటప్పుడు లోడు పడి ఇంకో 50, 60 తగ్గుతుంది. పవరు కాస్త పోతుంది, పోనివ్వండి. అవతల వినేవాడి మీటరు మీద ఆ తేడా ముల్లు మందం కూడా ఉండదు.

హీటరు సంగతి వేరు. 807 హీటరుకి 6.3 వోల్టులు కావాలి, అటూ ఇటూ పది శాతం ఓర్చుకుంటుంది, అంటే సుమారు 5.7 నుంచి 6.9 దాకా. లైను 195కి పడితే హీటరుకి చేరేది 5.3. కాథోడు (హీటరు వేడి చేసే భాగం) సరిగ్గా వేడెక్కకుండానే దాని నుంచి కరెంటు లాగుతూ ఉంటే వాల్వు ఎమిషన్, అంటే కరెంటు ఇచ్చే శక్తి, తగ్గి తొందరగా ముసలిదైపోతుంది. రెండు హీటర్లూ కలిపి తాగేది 1.8 ఆంపియర్లు, అంటే 11 వాట్లు. కాబట్టి హీటరుకి వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాన్ని మూలన పడేసిన పాత టీవీ స్టెబిలైజరుకి తగిలించండి. హెచ్.టి.కి స్టెబిలైజరు అక్కర్లేదు. ఇలా విడదీస్తే ఇంకో లాభం: ముందు హీటరు వేసి, ఒక నిమిషం ఆగి, తర్వాత హెచ్.టి. వెయ్యడం దానంతటదే అలవాటవుతుంది.

ఇక చుట్టించడం. దీనికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. చెరువు మోటార్లు రీవైండింగ్ చేసే షాపు లేని ఊరు మన వైపు లేదు. నేను చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాను. కాగితం చూసి మేస్త్రీ అడిగాడు:

"ఏ మోటారుకండీ ఇది?"

"మోటారుకి కాదండి మేస్త్రీ గారూ, రేడియోకి."

"రేడియోకి 490 వోల్టులేంటండి బాబూ! ఊరంతా వినపడాలా?"

ఆయనకి సర్క్యూటు చెప్పక్కర్లేదు, చుట్లు చెబితే చాలు. కోరు (చుట్ట మధ్యలో ఉండే ఇనప దిమ్మ) మధ్య కాలు అడ్డుకోత 18 చదరపు సెంటీమీటర్లు ఉండేలా స్టాంపింగ్స్ (ఇనప రేకులు) తీసుకోండి, మన 200 వాట్ల పనికి సరిపోతుంది. 45ని ఆ 18తో భాగిస్తే 2.5. అంటే వోల్టుకి రెండున్నర చుట్లు. ప్రైమరీ (లైనుకి తగిలే చుట్ట) 575 చుట్లు, 22 గేజ్ వైరు. సెకండరీ 490కి 1225 చుట్లు, 27 గేజ్ వైరు. ఇంతకన్నా తక్కువ చుట్లతో సరిపెడతానంటే ఒప్పుకోకండి. లైను 248కి ఎక్కినప్పుడు కోరు గుంయ్‌మని మూలిగి వేడెక్కేది అలా పిసినారితనం చేసినవే.

రెండు విషయాలు మాత్రం దగ్గరుండి చూసుకోండి. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య మోటార్లలో వాడే లెదరాయిడ్ కాగితం రెండు వరసలు పడాలి, సెకండరీలో ప్రతి పొరకీ పలచటి కాగితం పడాలి. చుట్టడం అయ్యాక ఎండలో పెట్టి, వెచ్చగా ఉండగానే వార్నిష్‌లో ముంచాలి. ముంచక ముందు తడి పోవాలి. మనది సముద్రపు గాలి, ఆ ఉప్పూ ఆ చెమ్మా కాగితంలో దూరితే రెండో వానాకాలానికి లోపల చిటపటలు మొదలవుతాయి. పూర్తయిన సెట్టులో కూడా వానాకాలం ఒక జీరో బల్బు వెలుగుతూ ఉంచితే మంచిది.

డయోడ్లు 1ఎన్5408. ఒక్కోటి 1000 వోల్టులు ఓర్చుకుంటుంది, అయినా బ్రిడ్జిలో ఒక్కో చేతికి రెండేసి సిరీస్‌లో వెయ్యండి, మొత్తం ఎనిమిది. ఖర్చు ఒక టిఫిను దాటదు.

కెపాసిటర్ల దగ్గర కాసేపు ఆగాలి. 220 మైక్రోఫారడ్, 450 వోల్టులవి మూడు సిరీస్‌లో వేస్తాం. మొత్తం 1350 వోల్టులు ఓర్చుకుంటాయి, విలువ 73 మైక్రోఫారడ్‌కి దిగుతుంది, మనకి చాలు. ప్రతి కెపాసిటరు మీదా అడ్డంగా ఒక 47 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరు. వీటికి రెండు పనులు. మూడు కెపాసిటర్ల మధ్య వోల్టేజీ సమానంగా పంచడం ఒకటి, స్విచ్చి ఆపాక లోపల మిగిలిన చార్జిని ఖాళీ చెయ్యడం రెండోది. 747 నుంచి 50 వోల్టుల లోపుకి రావడానికి అరనిమిషం పడుతుంది. ఒక్కో దాంట్లో ఖర్చయ్యేది ఒకటిన్నర వాట్ల లోపే, మరి 5 వాట్లది ఎందుకంటారా? చెబుతాను.

నా మొదటి సప్లైలో అర వాట్ రెసిస్టర్లు వేశాను. చేతికి దొరికినవి అవే. కొన్నాళ్ళు పనిచేశాయి. ఓ సాయంత్రం స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకి, ఫ్యూజ్ హోల్డరు వదులైందని చెయ్యి లోపల పెట్టాను. మోచేయి దాకా ఎవరో కర్రతో కొట్టినట్టయింది. చెయ్యి దానంతటదే వెనక్కి ఎగిరి బీరువా తలుపుకి తగిలింది, తలుపు సొట్ట ఇప్పటికీ ఉంది. తర్వాత చూస్తే ఒక రెసిస్టరు మధ్యలో నల్లగా మాడి తెగిపోయి ఉంది. అది తెగాక ఆ కెపాసిటరులో చార్జి బయటికి పోయే దారే లేదు. ప్లగ్గు పీకిన సెట్టు చచ్చిన పాములాంటిదని అనుకున్నాను.

అందుకే రెసిస్టర్లనీ నమ్మొద్దు. ఒక కర్ర చేసుకోండి. రెండడుగుల పీవీసీ పైపు, చివర ఇత్తడి కొక్కెం, దాన్నుంచి 100 ఓమ్, 10 వాట్ల రెసిస్టరు ద్వారా లావుపాటి వైరు, ఆ వైరు ఛాసిస్‌కి (సెట్టు లోహపు పెట్టెకి) గట్టిగా బిగించి ఉండాలి. చెయ్యి లోపల పెట్టే ముందు ప్రతిసారీ ఈ కొక్కెం హెచ్.టి. లైను మీద వేలాడదియ్యాలి, పని అయ్యేదాకా అక్కడే ఉండాలి. వెదురు బొంగు వద్దు, మన గాలికి అది చెమ్మ పీలుస్తుంది. కాళ్ళ కింద ఎండిన పీట, రెండో చెయ్యి జేబులో. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడే నేల మనది. ఎర్త్ రాడ్డుకి అది వరమే గానీ, తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడ్డ మనిషి కూడా ఎర్త్ రాడ్డే.

తొలిసారి కరెంటు ఇవ్వడం టీవీ మెకానిక్కుల పద్ధతిలోనే. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు ఒకటి ప్రైమరీకి సిరీస్‌లో పెట్టండి. స్విచ్చి వెయ్యగానే బల్బు భగ్గున వెలిగి, క్షణంలో మసకబారి ఆరిపోవాలి. కెపాసిటర్లు నిండాయన్నమాట. అలా వెలుగుతూనే ఉండిపోయిందా, ఎక్కడో షార్టు ఉంది, ముందు డయోడ్ల దిక్కు చూడండి. బల్బు సరిగ్గా ఆరితే మీటరు తియ్యండి. 700 వోల్టుల మీద చవక మీటరు వైర్లు పెట్టడం నాకిష్టం లేదు. కిందనున్న, ఛాసిస్ వైపు కెపాసిటరు ఒక్కదాని మీద కొలిచి మూడుతో గుణించండి. క్రొకడైల్ క్లిప్పులు స్విచ్చి వెయ్యక ముందే తగిలించాలి. 225కి అటూ ఇటూగా వస్తే పాసైనట్టే.

ఒకాయన కిందటి పాఠం చూసి, తుపాను వేళ ఇది పనికొస్తుందా అని అడిగారు. రాదండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి తెలుసు, స్తంభాలు పడిపోయాక 230 వోల్టులు ఎక్కడివి? ఆ రోజున ఆదుకునేది 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న సెట్టు. మన హైదరాబాదు హామ్ అష్హర్ ఫర్హాన్ గీసిన బిటెక్స్ (ఇంట్లో కట్టుకునే చిన్న హామ్ సెట్టు) లాంటిది ఒకటి పక్కన ఉంచుకోండి, ఈ ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చి తోలడానికీ అదే చాలు. హామ్ లైసెన్సు మాట కూడా మరోసారి: కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడు వాళ్ళు 50 వాట్లు దాటకూడదు. పై మెట్టు జనరల్ గ్రేడు చేతికొచ్చాకే దీన్ని యాంటెన్నాకి తగిలించండి, అప్పటిదాకా డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పవరు మింగే రెసిస్టరు) మీదే.

వచ్చే పాఠానికి టాంకు కాయిలు (ఆంప్లిఫయర్‌ని బ్యాండుకి ట్యూను చేసే చుట్ట) చుడతాం. ఫ్రిజ్ మెకానిక్కు దగ్గర పావంగుళం రాగి గొట్టం పది అడుగులు అడిగి తెచ్చుకోండి. పాత వాల్వు రేడియోలోంచి ఊడదీసిన రెండు గ్యాంగుల కండెన్సరు (స్టేషన్లు మార్చడానికి తిప్పేది) దొరికితే అదీ. ఈలోపు సప్లైని రోజుకి ఒక గంట చొప్పున వారం నడిపి, ఆపాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. పెట్టే ముందు కర్ర.