పీ3హెచ్‌టీ పొరను రెండు దశల్లో డోప్ చేసే పద్ధతి

పీ3హెచ్‌టీ అనే అర్ధవాహక పాలిమర్‌నూ, దాని నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని విద్యుత్ వాహకతను పెంచే ఎఫ్4టీసీఎన్‌క్యూ అనే డోపెంట్‌నూ ఒకే ద్రావణంలో కలిపితే, అవి సీసాలోనే ఉండలు కట్టి, పొర గరుకుగా వస్తుంది. కాబట్టి రెండు దశల్లో చేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా పాలిమర్‌ను క్లోరోబెంజీన్‌లో కరిగించి, శుభ్రమైన గాజు పలకపై స్పిన్ కోటింగ్ (పలకను వేగంగా తిప్పుతూ ద్రావణాన్ని పలుచని పొరగా పరచడం) చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత మిల్లీలీటరు ఎసిటోనైట్రైల్‌కు 1 మిల్లీగ్రాము చొప్పున డోపెంట్‌ను కరిగించి, పొర నిండా పరచి, కొన్ని సెకన్లు ఆగి, పలకను వేగంగా తిప్పి మిగిలిన ద్రావణాన్ని వదిలించాలి. ఎసిటోనైట్రైల్ ఈ పాలిమర్‌ను కరిగించదు; అందువల్ల పొర చెదరకుండానే డోపెంట్ అణువులు లోపలికి చొరబడతాయి.

ఇక్కడ రంగును శ్రద్ధగా గమనించాలి. ముదురు ఊదా రంగు పొర కళ్లముందే వెలిసి, లేత నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. పొర ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో 550 నానోమీటర్ల ప్రాంతంలోని శోషణ తగ్గి, సుమారు 770, 870 నానోమీటర్ల వద్ద డోపెంట్ అయాన్ శిఖరాలు కనిపిస్తే, ఎలక్ట్రాన్ బదిలీ జరిగినట్టే.

ఆపై పొరను ఎక్కువగా వేడి చేయకూడదు. చిన్న అణువైన డోపెంట్ పొరను విడిచి ఆవిరైపోతే వాహకత పడిపోతుంది. రెండు ద్రావకాలూ విషపూరితమైనవి, మండేవి కూడా. నైట్రజన్ గ్లవ్‌బాక్స్ (నైట్రజన్ నింపిన మూసిన పెట్టె) లేకపోతే కనీసం ఆవిరులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయాలి.